గువా షా: వీపు ఎర్రబడితే 'చెడు రక్తం' పోయినట్టు కాదు

నమస్తే అండీ. మొన్న మా పిన్ని తిరుపతిలోనే ఒక పార్లర్‌లో వీపుకు గువా షా, అంటే నున్నటి రాయితోనో చెంచాతోనో చర్మాన్ని గీకే చైనా పద్ధతి, చేయించుకుని ఇంటికొచ్చింది. రవిక అంచు కింద ఎర్రటి చారలు చూసి మా అవ్వ బెంబేలెత్తిపోయింది. "ఎవురే నిన్ను కొట్టింది?" అని ఒకటే అడగడం. పార్లర్‌లో ఏమో "చెడు రక్తమంతా పైకొచ్చేసింది మేడం" అన్నారంట. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఈ వీడియో.

చైనా భాషలో గువా అంటే గీకడం. షా అంటే గీకినప్పుడు తేలే ఆ ఎర్రటి చుక్కలు. ఆ ఒత్తిడికి చర్మం కిందుండే సన్నటి రక్తనాళాలు చిట్లి, కొంచెం రక్తం పక్కకు జారుతుంది. అది మీ మంచి రక్తమే! కొద్ది రోజుల్లో ఒళ్ళే దాన్ని పీల్చేసుకుంటుంది.

గీకడం అనగానే మనకు కొబ్బరి కోరడం గుర్తొస్తుంది. అది కాదు, దోసె పోయడం గుర్తు తెచ్చుకోండి.

(పింగాణీ చెంచా, నూనె గిన్నె దగ్గరగా చూపిస్తూ)

ఇది నా ముంజేయి. ముందు నూనె. నూనె రాయని పెనం మీద దోసె చిరిగినట్టే, నూనె లేకుంటే చర్మం గీరుకుపోతుంది. చెంచాను నిలబెట్టలేదు, చూడండి, వాల్చి పట్టుకున్నా. గరిటె అడుగుతో పిండి పరిచినట్టే జరుపుతున్నా. ఒక్క తేడా ఏమంటే, దోసె గుండ్రంగా తిప్పుతాం, ఇక్కడ మాత్రం ఒకే వైపు. అదిగో, చర్మం వెచ్చబడి ఎర్రబడుతోంది.

వెచ్చబడటం నా భ్రమ కాదు. 2007లో 11 మంది ఆరోగ్యవంతుల మీద కొలిచి చూశారు. గీకిన చోట చర్మంలో రక్తప్రసరణ మొదటి 7.5 నిమిషాలు 4 రెట్లు పెరిగింది, కొలిచిన 25 నిమిషాలూ ఎక్కువగానే ఉంది. 2011లో జర్మనీలో 48 మంది మెడనొప్పి వాళ్ళ మీద చూస్తే, వారం తర్వాత కూడా నొప్పి తగ్గి ఉంది. కాబట్టి పట్టేసిన మెడకి, భుజాలకి కొన్నాళ్ళు ఉపశమనం ఆశించండి, తప్పులేదు. చేయించుకున్న మరుసటి రోజు ఆ చోట కొంచెం సలుపుతుంది, దానికి భయపడొద్దు.

ఇక ముఖం. వీపు ఊతప్పమైతే ముఖం పేపర్ దోసె. చేతి బరువు కూడా పడకూడదు. ముక్కు పక్క నుంచి చెవి దాకా, చెవి కింద నుంచి మెడ మీదుగా కిందికి. ముఖం మీద ఎర్రటి చుక్కలు రానేరాకూడదు, వచ్చాయంటే గట్టిగా నొక్కేశారన్నట్టే. పొద్దున్నే ఉబ్బిన ముఖం కొన్ని గంటలు తేటగా కనిపిస్తుంది. దవడ ఎముక మాత్రం మారదు. మారుతుందని ప్యాకేజీ అమ్మితే లేచి వచ్చేయండి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు వద్దు. గర్భంతో ఉన్నా, షుగర్ ఉన్నా ముందు డాక్టర్‌ని అడగండి. మొటిమలు, పుండ్లు, ఎండకు కమిలిన చర్మం మీద వద్దు. ముఖానికి ఈ మధ్యే ఫిల్లర్లు, అంటే ముడతలు నింపే ఇంజెక్షన్లు, వేయించుకున్నా వద్దు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కి పిక్కలు పట్టేశాయని గీకించుకోవాలనిపిస్తే, నరాలు ఉబ్బి ఉన్న కాళ్ళకు మాత్రం ముట్టనివ్వకండి.

ఇంకొక్కటి, చుక్కలు తేలేలా గీకితే ఆ రాయికి రక్తం అంటుకోవచ్చు. వేరేవాళ్ళకి వాడాక దాన్ని ఎలా శుభ్రం చేశారో బల్ల మీద పడుకునే ముందే అడగండి. మా పిన్ని అడగలేదు. ఈసారి ఆమెతో నేనూ పోతున్నా.