అమెరికా రాష్ట్రం వయోమింగ్‌లో ఏముంది? ఖాళీ జాగా తప్ప!

[స్క్రీన్ మీద: అడవిలో వాగు, గట్టున ఒక చెట్టు. చెట్టుకు కొట్టిన చెక్క పలక దగ్గరగా]

ఈ వాగు చూడండి. సరిగ్గా ఈ చెట్టు దగ్గరికి వచ్చేసరికి రెండు పాయలవుతుంది. పలక మీద రాసింది చదవండి: ఒక వైపు అట్లాంటిక్ 3,488 మైళ్లు, ఇంకో వైపు పసిఫిక్ 1,353 మైళ్లు.

జోక్ కాదు. ఒక పాయ యెల్లోస్టోన్ నదిలో, అక్కణ్నుంచి మిస్సోరి, మిసిసిపీల్లో కలుస్తూ గల్ఫ్ ఆఫ్ మెక్సికో చేరుతుంది. రెండోది స్నేక్, కొలంబియా నదులు పట్టుకుని పసిఫిక్‌కు పోతుంది. పక్కపక్కనే పారిన రెండు చుక్కలు ఖండానికి చెరో వైపు తేలతాయన్నమాట. ట్రౌట్ చేపలు ఈ దారినే పట్టుకుని పసిఫిక్ వైపు నుంచి కొండల నడుమగా యెల్లోస్టోన్ సరస్సులోకి చేరాయి.

దీని పేరు నార్త్ టూ ఓషన్ క్రీక్. ఉన్నది వయోమింగ్‌లో.

[స్క్రీన్ మీద: అమెరికా మ్యాప్, వయోమింగ్ మీద రంగు]

స్కేలు పెట్టి గీసినట్టుంది కదా? విస్తీర్ణం 2.53 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్ర, తెలంగాణ కలిపితే దీనికన్నా కాస్త పెద్దవి, అంతే. మరి జనం? 2020 లెక్కల్లో 5,76,851. అమెరికా రాష్ట్రాలన్నిట్లోకీ తక్కువ. పేరు కూడా ఇక్కడిది కాదు. దూరాన పెన్సిల్వేనియాలో ఉన్న ఒక లోయ పేరు తెచ్చి అంటించారు. తరాలుగా ఇక్కడున్న షోషోనీ ఆదివాసుల పేరు మాత్రం పెట్టలేదు!

19వ శతాబ్దం మధ్యలో లక్షల మంది ఎడ్లబండ్లు కట్టుకుని ఇక్కడి సౌత్ పాస్ కనుమ గుండా ఆరెగాన్, కాలిఫోర్నియాలకు పోయారు. రాకీ పర్వతాల్లో బండి తేలిగ్గా దాటగలిగే కనుమ అది. దాటారే గాని, ఆగినవాళ్లు తక్కువ. 1867లో రైలు పట్టాలు వస్తేనే షయెన్ ఊరు పుట్టింది.

ఒక గొప్ప పనికి ఈ జనం లేకపోవడం కూడా ఒక కారణమైంది. 1869 డిసెంబర్ 10న ఈ ప్రాంతం ఆడవాళ్లకు ఓటు హక్కిచ్చింది. దేశం మొత్తంలో ఆడవాళ్లకు మొదట ఓటిచ్చిన న్యూజీలాండ్ కంటే 24 ఏళ్లు ముందు. అప్పట్లో మగవాళ్లు ఆడవాళ్లకు సుమారు ఆరు రెట్లు ఉండేవారు. న్యాయం కోసం ఓటేసిన శాసనసభ్యులు ఉన్నారు, మా పేరు పేపర్లలో మోగితే జనం వస్తారని లెక్కేసినవాళ్లూ ఉన్నారు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 6న లారమీలో లూయీసా స్వెయిన్ అనే పెద్దావిడ ఓటు వేసి వెళ్లారు. రొట్టె పిండి పొంగించే ఈస్ట్ కొనడానికి చిన్న గిన్నె పట్టుకుని బయల్దేరి, దారిలో ఓటేశారని చెబుతారు. అయితే ఇక్కడి ఆదివాసీ మహిళల మాట అడగకండి. ఆదివాసులందరికీ అమెరికా పౌరసత్వం వచ్చిందే 1924లో.

[స్క్రీన్ మీద: పొగలు కక్కే రంగురంగుల వేడినీటి గుంట]

ఇక యెల్లోస్టోన్. 1872లో ఏర్పడిన పార్కు, చాలా భాగం వయోమింగ్‌లోనే ఉంది. భూమిలోంచి వేడినీళ్లు చిమ్మే గీజర్లు, బైసన్లు మీ బంధువుల అమెరికా ఫోటోల్లో చూసే ఉంటారు, వదిలేద్దాం. 1966లో ఇలాంటి వేడి గుంటలోంచి థామస్ బ్రాక్ బృందం ఒక బ్యాక్టీరియాను పట్టుకుంది. పేరు థర్మస్ అక్వాటికస్. చెయ్యి పెడితే బొబ్బలెక్కే నీళ్లలో హాయిగా బతుకుతుంది. పీసీఆర్ టెస్టులో శాంపిల్‌ను 90 డిగ్రీలు దాటించి మళ్లీ మళ్లీ వేడి చేయాలి. డీఎన్‌ఏ కాపీలు తీసే మామూలు ఎంజైమ్ అయితే ఉడికి ఊరుకుంటుంది. ఈ బ్యాక్టీరియా ఎంజైమ్ తట్టుకుంటుంది. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకుని రిపోర్టు కోసం టెన్షన్ పడ్డాం చూడండి, ఆ టెస్టు మూలం ఈ గుంటల్లో ఉంది.

[స్క్రీన్ మీద: రాత్రి, రాంచ్ ఇల్లు, కుక్క తిండి గిన్నె]

నాకు మాత్రం అన్నిటికంటే నచ్చింది ఒక కుక్క కథ. పేరు షెప్. 1981 సెప్టెంబర్‌లో, మీటీట్సీ అనే చిన్న ఊరి దగ్గర రాంచ్‌లో, రాత్రిపూట దీని గిన్నె దగ్గరికి ఏదో జంతువు వచ్చింది. షెప్ చంపేసింది. యజమాని ఆ కళేబరాన్ని అవతల పారేశాడు. ఆయన భార్యకు మాత్రం ఇదేంటబ్బా అనిపించి, జంతువుల చర్మాలు కూరి బొమ్మలు చేసే అతని దగ్గరికి పంపించింది. చూడగానే అతను గుర్తుపట్టాడు: నల్లకాళ్ల ఫెర్రెట్.

ముంగిసలా సన్నగా, కళ్లకు నల్ల గంతలు కట్టినట్టు ఉంటుంది. ప్రెయిరీ డాగ్‌లే (కుక్కలు కావు, బొరియలు తవ్వే ఉడుత జాతి జంతువులు) దాని తిండి, వాటి బొరియలే దాని ఇల్లు. వాటిని రైతులు విషం పెట్టి చంపడంతో ఇదీ పోయింది. అంతరించిందనే అప్పటికి అందరూ అనుకుంటున్నారు. వెతికితే అక్కడ గుంపే దొరికింది. అంతలోనే ప్లేగు, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు తగిలాయి. 1987కల్లా మిగిలిన 18ని పట్టి బోనుల్లో పెంచారు. ఇవాళ అమెరికాలో ఉన్న నల్లకాళ్ల ఫెర్రెట్లు దాదాపు అన్నీ అందులో ఏడింటి సంతానమే.

ఇంత దగ్గర చుట్టరికమైతే జబ్బులకు తట్టుకోవడం కష్టం. అందుకే సంతానం నిలవకుండా చనిపోయిన విల్లా అనే ఫెర్రెట్ కణాలు 1988లో ఫ్రీజర్‌లో దాచిపెట్టారు. 2020 డిసెంబర్ 10న ఆ కణాలతో ఎలిజబెత్ ఆన్ అనే క్లోన్, అంటే విల్లాకు అచ్చు నకలు, పుట్టింది. మరో క్లోన్ ఆంటోనియా 2024లో పిల్లల్ని కంది.

విల్లాకు ఆ పిల్లలు మనవలవుతారా, సొంత పిల్లలే అవుతారా? వరుస కామెంట్లలో మీరే తేల్చండి.