ప్రవచనం జరగకపోతే ఎవరి తప్పు?

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

ఈ జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ళు కట్టించిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి మీకందరికీ తెలుసు. మా నాయనమ్మ ఆ ఆసుపత్రి గురించి చెప్పేటప్పుడు ప్రార్థనను, మందును ఎప్పుడూ వేరు చేసేది కాదు. అలాంటి ఇంట్లో మా అమ్మ షుగర్ మాత్రలు మానేసింది.

ఒక ఉపవాస కూటానికి బయటి ఊరి నుంచి వచ్చిన బోధకుడు అమ్మ తలమీద చెయ్యి పెట్టి, "ప్రభువు నాతో చెప్పాడమ్మా, నీ జబ్బు ఈ రాత్రితో పోయింది, ఇక మాత్రలు ముట్టొద్దు" అన్నాడు. మూడు నెలలకు కాలికి పుండు పడింది, రెండు వేళ్ళు తీసేశారు. ఆయన్ని అడిగితే, "నీకు విశ్వాసం చాలలేదు" అన్నాడు. అమ్మ ఆ మాటే నమ్మింది. వేళ్ళు పోయినందుకు కాదు, తన విశ్వాసం తక్కువైందని చనిపోయేదాకా ఏడ్చింది.

ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం ఏమంటుంది? ప్రవక్త యెహోవా పేరుతో చెప్పిన మాట జరగకపోతే, అది యెహోవా చెప్పిన మాట కాదు. ఆ ప్రవక్త అహంకారంతో చెప్పాడు, అతనికి భయపడొద్దు. చూడండి, తప్పు చెప్పినవాడి మీద పడింది. విన్నవాళ్ళ విశ్వాసం ఎంత అని ఆ వచనం అడగనే లేదు.

యిర్మీయా 28 చదివితే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. బబులోను కాడి, అంటే ఆ రాజు పెత్తనం, రెండేళ్ళలో విరిగిపోతుందని దేవాలయంలో జనం ముందే హనన్యా అనే ప్రవక్త ప్రకటించాడు. అది వినడానికి ఎంత తీపి మాట! యిర్మీయా కూడా ముందు "ఆమేన్" అన్నాడు, అలాగే జరగాలని కోరుకున్నాడు. కానీ సమాధానం, అంటే శాంతి, కలుగుతుందని చెప్పే ప్రవక్తను ఆ మాట నెరవేరినప్పుడే నమ్మాలన్నాడు. చెర రెండేళ్ళలో ముగియలేదు. హనన్యా ఆ ఏడే చనిపోయాడు.

నీనెవె పట్టణం సంగతేంటని అడుగుతారు. నలభై రోజుల్లో నాశనమన్నాడు యోనా ప్రవక్త, అది జరగలేదు. నిజమే, ఊరంతా పశ్చాత్తాపపడింది, దేవుడు ఆపాడు. అయితే ఆ మాటను అడ్డం పెట్టుకుని తేదీ తప్పిన ప్రతిసారీ "మా ప్రార్థన వల్ల ఆగింది" అనడం న్యాయం కాదు.

అమెరికాలో విలియం మిల్లర్ బోధ విన్నవాళ్ళు 1844 అక్టోబర్ 22న క్రీస్తు వస్తాడని ఎదురుచూశారు. పంట కోయకుండా పొలంలోనే వదిలేసిన రైతులున్నారు. శనగ చేను కోతకొచ్చినప్పుడు ఒక్కరోజు ఆలస్యమైతే ఎంత టెన్షనో మీకు నేను చెప్పాలా? అదే దేశంలో హెరాల్డ్ క్యాంపింగ్ అనే బోధకుడు తీర్పు దినం 2011 మే 21 అని రేడియోలో అన్నాడు. ఆ రోజు గడిచాక అక్టోబర్ 21 అన్నాడు. మరుసటి ఏడాది తాను తప్పు చేశానని ఒప్పుకున్నాడు. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని మత్తయి 24లో యేసే చెప్పాడు కదా.

మాట నెరవేరినా పరీక్ష అయిపోదు. సూచక క్రియ, అంటే అద్భుతం, జరిగినా, వేరే దేవుళ్ళ వైపు తిప్పేవాడి మాట వినొద్దని ద్వితీయోపదేశకాండం 13వ అధ్యాయం చెబుతుంది. ఇంకొకటి, డబ్బు. ద్రవ్యం కోసం సోదె చెప్పే ప్రవక్తలను మీకా గద్దించాడు. తొలి సంఘాల కాలపు దిదఖే అనే బోధ, తన కోసం డబ్బు అడిగే ప్రవక్త అబద్ధ ప్రవక్త అని తేల్చేసింది. కానుక కవరు మీద ఫోన్ నంబరు రాయించుకుని, తర్వాత "నీకో ప్రవచనం ఉంది" అని ఫోన్ చేసేవాళ్ళు మీ ఊళ్ళోకీ వస్తారు.

పరీక్షించడం అవిశ్వాసం కాదు. ప్రవచనాన్ని తృణీకరించొద్దన్న పౌలే, వెంటనే అన్నిటినీ పరీక్షించమన్నాడు. ఇద్దరు ముగ్గురు ప్రవచిస్తే మిగిలినవాళ్ళు వివేచించాలని కొరింథీయులకు రాశాడు. కాబట్టి ఎవరైనా మీతో "ప్రభువు చెప్పాడు" అంటే, ఆ మాటను తేదీ వేసి నోటుబుక్కులో రాసిపెట్టండి. పెద్దల ముందు చదవండి. మాత్ర మాత్రం డాక్టరును అడగకుండా ఆపొద్దు.

అమ్మ బైబిల్ ఇదిగో, నా చేతిలోనే ఉంది. కీర్తనల నిండా గీతలు గీసుకుంది. ద్వితీయోపదేశకాండం 18 మాత్రం తెల్లగా ఉంది, ఆమెకు దాన్ని ఎవరూ చదివి వినిపించలేదు. మీ బైబిళ్ళు తెరవండి, ఇరవయ్యో వచనం నుంచి అందరం కలిసి చదువుదాం.