డబ్బంతా లోపలే: తకయామా షావుకార్ల ఇల్లు

వీధిలోంచి చూస్తే ఈ ఇల్లు ఏమంత గొప్పగా లేదు కదా? నల్లబారిన చెక్క, బాగా కిందికి దిగిన రెండు వరసల చూరు, లోపలికి చూపు పోనివ్వని సన్నటి చెక్క కటకటాలు. కానీ ఇది పేరుమోసిన షావుకార్ల ఇల్లండీ. జపాన్‌లోని గిఫు ప్రాంతంలో, కొండల మధ్య తకయామా పట్నంలో ఉంది. కుటుంబం పేరు కుసకాబే. వడ్డీ వ్యాపారం, డబ్బు మార్పిడి చేసేవాళ్లు, అప్పట్లో జపాన్‌ని ఏలిన సైనిక పాలకుడైన షోగున్ సర్కారుకి ఆస్థాన వర్తకులు కూడా.

మరి అంత డబ్బుండి ఇలా ఎందుకు కట్టుకున్నారు? 1692 నుంచి ఈ ఊరు షోగున్ ఏలుబడిలోకి నేరుగా వెళ్లింది. వర్తకుడు ఎంత సంపాదించినా హోదాలో సమురాయ్ అనే యోధుల వర్గం కంటే కిందే. ఇల్లు కూడా ఆ హోదాకి తగ్గట్టే ఉండాలి. వీధివైపు ఎత్తు లేపకూడదు. హినోకి అనే మేలురకం సైప్రస్ కలప, గుళ్లకీ కోటలకీ వాడేది, దాని జోలికి పోకూడదు.

1868లో షోగున్ల పాలన పోయింది. 1875లో ఊళ్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి పాత ఇల్లు కాలిపోయింది. 1879లో కవాజిరి జిసుకే అనే వడ్రంగి మేస్త్రి ఇప్పుడు మనం చూస్తున్న ఇల్లు పూర్తిచేశాడు. అడ్డుచెప్పేవాడు లేడు కాబట్టి హినోకిని కరువుతీరా వాడాడు. వీధి ముఖం మాత్రం పాత పద్ధతిలోనే ఉంచేశాడు! ఇది భయం కాదని నా అభిప్రాయం. డబ్బున్నవాళ్ల ఇల్లు బయటికి ఇలాగే ఉండాలన్న అభిరుచి అప్పటికే స్థిరపడిపోయింది.

పదండి, లోపలికి. గడప దాటగానే మట్టినేల. తల పైకెత్తండి. సీలింగ్ లేదు, చూపు నేరుగా కప్పుదాకా పోతుంది. లావాటి దూలాలు ఒకదాన్నొకటి దాటుకుంటూ, వాటి మీద పొట్టి గుంజలు, మళ్లీ దూలాలు. అతుకు దగ్గర కెమెరా జూమ్ చేస్తున్నాను. స్తంభానికి తొర్ర తొలిచి, అడ్డకర్ర దూర్చి, చెక్క చీలతో బిగించే పనితనం ఇది. ఈ హిదా ప్రాంతం వడ్రంగులకి పేరు ఇవాళ్టిది కాదు. 8వ శతాబ్దంలోనే ఇక్కడివాళ్లకి కొన్ని పన్నులు మాఫీ చేసి, బదులుగా రాజధానిలో కట్టడాలకి వడ్రంగుల్ని పంపమన్నారు.

ఈ నలుపు రంగు కూడా కావాలని వేసిందే. ఎర్రమన్నులో మసి కలిపి పూశారు. గది మధ్యలో నేలలోకి తవ్విన పొయ్యి ఉంది చూశారా, దానికి పొగగొట్టం ఉండదు. పొగ పైకెక్కి దూలాలకి పట్టి, పురుగు చేరకుండా కాపాడుతుంది.

వెనక గోదాములున్నాయి. దళసరి మట్టిగోడలు, పైన సున్నపు పూత. చుట్టూ అన్నీ చెక్క ఇళ్లు, నిప్పంటుకుంటే కనీసం సరుకైనా మిగలాలి కదా. 1966లో ప్రభుత్వం ఈ ఇంటిని ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తించింది. షోగున్ల తర్వాత వచ్చిన మెయిజీ కాలపు ఇళ్లలో ఆ గుర్తింపు దీనికే మొదట దక్కింది.

పక్కనే యోషిజిమా ఇల్లు. సాకే అనే బియ్యపు మద్యం చేసి అమ్మిన కుటుంబం వాళ్లది. 1905లో కాలిపోతే 1907లో నిషిదా ఇసాబురో మళ్లీ కట్టాడు. అవే దూలాలు, అదే అల్లిక, కానీ కొలతలు నాజూకు. పై కిటికీలోంచి వెలుగు పడుతుంటే గుంజలన్నీ ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. కుసకాబేని మగ ఇల్లని, దీన్ని ఆడ ఇల్లని పోలుస్తుంటారు. ఆ మాట నాకంత నచ్చదు గానీ, తేడా మాత్రం కళ్లకి కడుతుంది.

రెండిటికీ టైమ్ లేకపోతే నా ఓటు యోషిజిమాకే, అదీ ఎండ బాగా కాసే పూట. చెప్పులు విడిచి తిరగాలి, చలికాలం అయితే మందం మేజోళ్లు మర్చిపోకండి.