హ్యాండ్ ఇవ్వడమంటే సాయమా, మోసమా?

యాంకర్: ఈ వారం చేతులూ పిడికిళ్ళూ. ఇంగ్లీషు పలుకుబళ్ళలో వాటి సంగతేంటో మన మాస్టారు చెబుతారు. మొదటి కాల్ తెనాలి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం బాబూ. మా మనవడు డల్లాస్‌లో ఒకటో తరగతి. వాళ్ళ టీచరు మా అమ్మాయితో 'హీ ఈజ్ ఎ హ్యాండ్‌ఫుల్' అందంట. పిల్లాడు చేతికి అందొచ్చాడు కాబోలని నేను వీధంతా చెప్పుకున్నా. మా అమ్మాయేమో ఫోన్లో ఒకటే నవ్వు.

మాస్టారు: (నవ్వుతూ) ఒకటో తరగతికే చేతికి అందిరావాలంటే కష్టం కదమ్మా! 'హ్యాండ్‌ఫుల్' అంటే మామూలుగా గుప్పెడు. పిల్లల్ని అంటే మాత్రం, వీడొక్కడుంటే చాలు, చేతినిండా పనే అని. మనం అల్లరి పిడుగు అంటామే, అది. తిట్టేం కాదు లెండి. పాపం, టీచరు అలసిపోయి అన్న మాట.

కాలర్: చిన్నప్పుడు వాళ్ళమ్మా అంతే.

యాంకర్: అనంతపురం నుంచి ఇంకొకరు ఉన్నారు. చెప్పండి.

కాలర్: సార్, నేను పోటీ పరీక్షలకు చదువుతున్నా. మాక్ టెస్టులో 'టైట్-ఫిస్టెడ్' అంటే కొట్లాటకు సిద్ధంగా ఉన్నవాడు అని పెట్టా. తప్పన్నారు.

మాస్టారు: అలా అనిపించడంలో నీ తప్పేం లేదు నాయనా. పిడికిలి బిగించాడంటే మనకు ఉద్యమమో, తగువో. ఇంగ్లీషువాడు ఇక్కడ ఆ పిడికిలి లోపలికి చూశాడు. లోపల డబ్బుంది, వేళ్ళు విప్పడు. పిసినారి! ఎంగిలి చేత్తో కాకిని తోలడని మనం అనేది ఇతన్నే. మెతుకు రాలుతుందని మనవాడి భయం, నాణెం రాలుతుందని వాళ్ళవాడి భయం.

కాలర్: మరి 'హ్యాండ్ ఓవర్ ఫిస్ట్' ఏంటి సార్? పిడికిలికి అప్పగించడమా?

మాస్టారు: భలే అడిగావు. 'హ్యాండ్ ఓవర్' అనగానే అందరికీ అప్పగింతలే గుర్తొస్తాయి. ఇది తెరచాప ఓడల మీద పుట్టిన మాట. బావిలోంచి చేద లాగేటప్పుడు చేతులు ఒకదాని తర్వాత ఒకటి ఎలా మారతాయి? నావికుడు తాడెక్కేటప్పుడూ అంతే. ఒక పిడికిట తాడు బిగించి, రెండో చెయ్యి దాని పైన వేసి పట్టుకుంటాడు, మళ్ళీ మొదటి చెయ్యి పైకి. 18వ శతాబ్దంలో 'హ్యాండ్ ఓవర్ హ్యాండ్' అనేవాళ్ళు. 19వ శతాబ్దం వచ్చేసరికి 'హ్యాండ్ ఓవర్ ఫిస్ట్' కూడా వాడుకలోకొచ్చింది. ఆ వేగం డబ్బుకు అంటుకుంది. 'మేకింగ్ మనీ హ్యాండ్ ఓవర్ ఫిస్ట్' అంటే రెండు చేతులా సంపాదిస్తున్నాడని. అయితే ఒకటి గుర్తుపెట్టుకో. పోగొట్టుకోవడానికీ వాళ్ళు ఇదే మాట వాడతారు. అక్కడ మన రెండు చేతులూ పనికిరావు. డబ్బు నీళ్ళలా పోతోంది అనాలి.

యాంకర్: వరంగల్ కాలర్, లైన్లో ఉన్నారా?

కాలర్: ఉన్నానండి. లంచం తీసుకుంటూ రెడ్ హ్యాండెడ్‌గా ఏసీబీకి చిక్కాడని పేపర్లో వస్తుంది కదా. నోట్లకు రంగు పూస్తారు కాబట్టే ఆ మాట పుట్టిందని మా దోస్తు అంటడు. నేను కాదని పందెం కట్టిన.

మాస్టారు: పందెం మీదే. పైగా నోట్లకు పూసేది రంగు కూడా కాదు, ఫినాఫ్తలీన్ అని తెల్లటి పొడి. కంటికి ఆనదు. ఆ నోట్లు ముట్టుకున్న చేతుల్ని సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. మాట మాత్రం చాలా పాతది, స్కాట్లండ్ చట్టాల్లోది. 15వ శతాబ్దం నాటికే అక్కడ 'రెడ్ హ్యాండ్' అన్నారు. చంపినవాడు చేతి నెత్తురు ఆరకముందే దొరికిపోవడం. ఆ నెత్తురెక్కడ, మన గులాబీ నీళ్ళెక్కడ! అయినా ఇంత చక్కగా కుదిరిన అరువు మాట నేను ఇంకోటి చూళ్ళేదు.

యాంకర్: ఆఖరి కాల్, హైదరాబాద్.

కాలర్: సార్, మా టీమ్‌కి లండన్ నుంచి కొత్త మేనేజర్ వచ్చారు. 'కెన్ యు గివ్ మీ ఎ హ్యాండ్?' అని నన్నడిగారు. సరేనన్నా. వెనకనుంచి మావాడు 'వీడు అందరికీ ఇచ్చేది అదే కదా' అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ ఎందుకని అడిగితే చెప్పలేకపోయా.

మాస్టారు: ఆవిడ అడిగింది సాయం. 'బిగ్ హ్యాండ్' ఇవ్వమంటే చప్పట్లు కొట్టమని. మనకేమో హ్యాండ్ ఇచ్చాడంటే నమ్మించి ముంచాడని. 'చెయ్యిచ్చాడు' అన్న మన మాటకే ఇంగ్లీషు చొక్కా తొడిగాం. లోపల మనిషి తెలుగువాడే! ఆవిడకు ఆ సంగతే చెప్పండి. మీకా పేరెందుకొచ్చిందో మాత్రం చెప్పకండి.

కాలర్: అది వేరే కథ సార్.

యాంకర్: టైమైపోయింది. వచ్చే వారం కాళ్ళ గురించి. మాస్టారూ, హ్యాండ్ ఇవ్వరుగా?

మాస్టారు: ఇంగ్లీషు అర్థంలో అయితే తప్పకుండా ఇస్తాను.