మందున్న జబ్బు, మందులేని జబ్బు: పెరటి కోళ్ల ఆరోగ్యంపై ప్రసంగ పాఠం

అక్కలకు, అన్నలకు, సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఊళ్లో కోళ్లు వరుసగా చచ్చిపోతుంటే మొదట పరిగెత్తేది మందుల షాపుకే. షాపాయన ఒక యాంటీబయాటిక్ పొడి పొట్లం ఇస్తాడు. నీళ్లలో కలిపి పోస్తాం. కోళ్లు చస్తూనే ఉంటాయి. నాలుగు రోజులకు గూడు ఖాళీ. ఆ పొడి చెడ్డదని కాదు, వచ్చిన జబ్బుకు లోకంలో ఎక్కడా మందు లేదు. ఇంకో ఇంట్లో రక్త పారుడుతో కోడిపిల్లలు చస్తాయి. దానికి చవకైన మందుంది, కానీ అడిగినవాళ్లుండరు. ఏ జబ్బుకు మందు పనిచేస్తుంది, ఏ జబ్బుకు ముందుగా టీకా తప్ప దారి లేదు అన్నది తెలిస్తే పెరటి కోళ్ల నష్టంలో పెద్ద భాగం ఆగుతుంది. ఈరోజు నా మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

జబ్బును పట్టుకోవాలంటే ముందు ఆరోగ్యం ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలి. దానికి మంచి సమయం పొద్దున గూడు తలుపు తీసే వేళ. తీసీ తీయగానే కోళ్లు తోసుకుంటూ బయటికి రావాలి. చివరన ఆగిపోయిన కోడి, వచ్చినా గింజల దగ్గరికి పోకుండా ఈకలు ఉబ్బించుకుని ఒక మూల నిలబడిన కోడి, దాన్ని చేతిలోకి తీసుకోండి. జుట్టు, తమ్మెలు ఎర్రగా ఉన్నాయా, పాలిపోయాయా, నీలం తిరిగాయా చూడండి. మెడ కింద మేత సంచిని తడమండి. రాత్రి నిండిన సంచి తెల్లవారేసరికి ఖాళీ కావాలి. గట్టిగా ఉండలా ఉంటే మేత దిగడం లేదన్నమాట. రొమ్ము ఎముక కత్తిలా చేతికి తగిలితే ఆ కోడి నిన్న మొన్న జబ్బు పడింది కాదు, వారాలుగా తగ్గుతోంది. అలాంటప్పుడు నులిపురుగులనో, గూట్లోని పురుగులనో అనుమానించాలి. కోడి ఒళ్లు మనకన్నా వేడి. 105 నుంచి 107 డిగ్రీల ఫారెన్‌హీట్ దానికి మామూలు. కాబట్టి చేతికి వేడిగా తగిలిందని జ్వరం అనుకోకండి.

రెట్ట గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది పొరపడేది ఇక్కడే. మంచి రెట్ట గోధుమ రంగులోనో, పచ్చ కలిసిన బూడిద రంగులోనో గట్టిగా ఉండి, పైన తెల్లటి టోపీ పెట్టినట్టు ఉంటుంది. ఆ తెలుపు మూత్రం. అయితే ఏడెనిమిది రెట్టలకొకసారి జిగటగా, ముదురు గోధుమ రంగులో, బాగా కంపుకొట్టే రెట్ట పడుతుంది. పేగు చివరన ఉండే జంట సంచులు ఖాళీ అయినప్పుడు పడేది అది. జబ్బు కాదు. దానికి మందు వేయకండి. అదే ఆకుపచ్చ నీళ్ల పారుడైతే కొక్కెర తెగులు, కోళ్ల కలరా లాంటివి ఉండొచ్చు. నాలుగు రోజులుగా ఏమీ తినని కోడి కూడా పైత్యం వల్ల ఆకుపచ్చగానే వేస్తుంది. రక్తం కలిసిందంటే కాక్సిడియోసిస్, అంటే పేగుల్లో చేరే పరాన్నజీవి జబ్బు మీద అనుమానం. మూడు వారాల లోపు పిల్లల వెనక భాగం సున్నం పూసినట్టు తెల్లగా అతుక్కుపోతే పుల్లోరం అనే బాక్టీరియా జబ్బు. పుల్లోరం తల్లి నుంచి గుడ్డు ద్వారా వస్తుంది. బతికి పెద్దవైన పిల్లలు కూడా క్రిమిని మోస్తూనే ఉంటాయి కాబట్టి వాటి గుడ్లు పొదగేయకూడదు.

ఇక కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర, ఆ మరుసటి ఏడాది మన కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో ఇది కనబడింది. అందుకే రాణిఖేత్ అనే పేరు. ఇది వైరస్. నోరు తెరిచి, మెడ చాచి, గురగురమంటూ ఎగశ్వాస తీయడం, ఆకుపచ్చ పారుడు, రెక్కలు వాల్చడం, బతికినవాటిలో మెడ మెలితిరగడం దీని గుర్తులు. ఈ గుర్తులు ఒకే కోడిలో అన్నీ ఉండాలని లేదు. టీకా లేని మందలో నూటికి తొంభై పోయినా ఆశ్చర్యం లేదు. దీనికి ఏ యాంటీబయాటిక్ పనిచేయదు. తెగులు మొదలయ్యాక మందలో టీకా వేయించినా, అప్పటికే వైరస్ ఒంట్లో చేరిన కోడిని ఆ టీకా కాపాడలేదు. ఇంకా సోకని పక్క వీధి కోళ్లకు మాత్రం వెంటనే వేయించవచ్చు. అలా వేసేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న ఇళ్ల నుంచి మొదలుపెట్టాలి, తెగులున్న ఇంటికి వెళ్లొచ్చిన చేతులతో, చెప్పులతో కాదు.

టీకాల వరస ఇది. ముందు కొక్కెర తెగులువి. పిల్ల పుట్టిన అయిదు నుంచి ఏడో రోజు మధ్య లాసోటా లేదా ఎఫ్-1 అనే టీకా, కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క. నాలుగు వారాలకు లాసోటా మళ్లీ. ఎనిమిది వారాలు నిండాక ఆర్2బి అనే టీకా, రెక్క దగ్గర చర్మం కిందికి అర మిల్లీలీటరు. ఆ తర్వాత ఆరు నెలలకొకసారి. ఎనిమిది వారాల లోపు పిల్లలకు ఆర్2బి వేయకండి. అది బలమైన టీకా, పిల్లలకు టీకాయే జబ్బవుతుంది. పెద్దవాటిలో కూడా రెండు మూడు రోజులు నలత, గుడ్లు తగ్గడం, ఒకటి రెండింటిలో కుంటడం ఉండొచ్చు. నులిపురుగులున్న కోడికి టీకా సరిగా పట్టదు. అందుకని ఆర్2బికి వారం ముందే పురుగుల మందు తాగించాలి. వనరాజ, గ్రామప్రియ లాంటి రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ రకాలను తెచ్చుకున్నవాళ్లు మేరెక్స్ అనే వైరస్ జబ్బుకు టీకా మొదటి రోజే వేశారో లేదో అడిగి తీసుకోండి. అది ఇంట్లో తర్వాత వేసుకునేది కాదు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాచి పడిపోయే కోడి మేరెక్స్ సోకినది కావొచ్చు. దానికి మందు లేదు. రెండు వారాల వయసులో గంబోరో అనే మరో వైరస్ జబ్బుకు టీకా, ఆరేడు వారాలకు రెక్క పొరలో గుచ్చే మశూచి టీకా వేయించాలి.

పల్లెల్లో టీకా విఫలమయ్యేది ఎక్కువగా చల్లదనం దగ్గర. ఇవి బతికున్న వైరస్ టీకాలు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. షాపు నుంచి ఇంటికి చొక్కా జేబులో తెస్తే అది ఉత్త నీళ్లతో సమానం. ఐసు వేసిన ఫ్లాస్కులో తెచ్చి, చల్లటి ద్రావణంలో కలిపి, రెండు గంటల్లోపు వాడేయాలి. మిగిలింది దాచకూడదు. ఆర్2బి సీసాలో సాధారణంగా వంద మోతాదులు ఉంటాయి, ఇంటికి పది కోళ్లే ఉంటాయి. ఒక్కరే తెరిస్తే తొంభై వృథా. కాబట్టి వీధంతా ఒక రోజు అనుకుని, కోళ్లు గూట్లో ఉండగానే, తెల్లవారుజామున వేయించుకోవాలి. బయటికి వదిలాక పట్టుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. వదిలేసిన ఆ రెండు కోళ్లే తర్వాత తెగులు తెచ్చి పెడతాయి. సంఘం సభ్యురాలొకరు ఏ ఇంట్లో ఎన్ని కోళ్లకు వేశారో తేదీతో ఒక నోటుబుక్కులో రాయాలి. ఆరు నెలలు ఎప్పుడు నిండుతాయో జ్ఞాపకం మీద ఎవరికీ ఉండదు.

ఇప్పుడు మందు ఉన్న జబ్బులకు వద్దాం. కాక్సిడియోసిస్ మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లలకు ఎక్కువ. వర్షాకాలంలో గూటి నేల తడిగా ఉంటే, రెట్టలో పడిన ఆ పరాన్నజీవి గుడ్లు ఒకటి రెండు రోజుల్లోనే సోకే దశకు వస్తాయి. పిల్లలు వణుకుతూ ఒకదానిలో ఒకటి దూరి, రక్తం వేస్తాయి. మందు ఆంప్రోలియం. 20 శాతం పొడి అయితే లీటరు నీటికి 1.2 గ్రాములు, అయిదు రోజులు. తర్వాత లీటరుకు 0.3 గ్రాములు చొప్పున ఒకటి రెండు వారాలు. చెంచాతో కొలవకండి. షాపులోనే గ్రాముల్లో తూచి, పొట్లాలు కట్టించుకోండి. నెల వయసు పిల్లలు ఇరవై ఉంటే రోజుకు రెండు లీటర్లు కలిపితే చాలు. ఏ రోజుది ఆ రోజు కలపండి. మందు నడిచే రోజుల్లో పిల్లలను కట్టడిలో ఉంచాలి. లేకపోతే కుళాయి కింద గుంటలో నీళ్లు తాగి వస్తాయి, మందు కడుపులోకి పోదు, "మందు పనిచేయలేదు" అంటాం. ఇంకో తప్పు, నీరసంగా ఉన్నాయని అదే సమయంలో బి-విటమిన్ టానిక్ పోయడం. ఆంప్రోలియం పరాన్నజీవికి బి1 అందకుండా చేసి చంపుతుంది. మనం బి1 పోస్తే దానికి మనమే అన్నం పెట్టినట్టు. టానిక్ మందు ఆపాక పోయండి. అన్నిటికన్నా ముందు తడి పొట్టు ఎత్తేసి, పొడి వరిపొట్టు పరచాలి. నేల తడిగా ఉన్నంతకాలం ఏ మందూ నిలవదు.

కలరా పెద్ద కోళ్లకు వస్తుంది, తరచూ వర్షాల్లో. రాత్రి బాగానే ఉన్నది పొద్దున చచ్చి ఉంటుంది. బతికినవాటిలో తమ్మెలు వాచి, పసుపు పచ్చ పారుడు ఉంటుంది. ఇది బాక్టీరియా కాబట్టి డాక్టరు రాసిన టెట్రాసైక్లిన్ లాంటి మందులు పనిచేస్తాయి. టెట్రాసైక్లిన్ ఇచ్చేటప్పుడు సున్నపు గుల్లలు, కాల్షియం పొడి ఆపేయండి. కాల్షియం ఆ మందును పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. కొరైజాలో ముఖం వాస్తుంది, కన్ను మూసుకుపోతుంది, ముక్కు నుంచి కారేదానికి భరించలేని దుర్వాసన. ఆ వాసనే దీని గుర్తు. రాత్రి గూటి దగ్గర నిలబడి వింటే గురక వినబడి, వారాల తరబడి సాగేది సీఆర్‌డీ, అంటే దీర్ఘకాలిక శ్వాస జబ్బు. ఈ రెంటిలోనూ మందుతో తగ్గిన కోడి క్రిమిని మోస్తూనే ఉంటుంది. కొత్త కోళ్లను దాంతో కలిపితే అవీ పడతాయి. ఎండాకాలం మధ్యాహ్నం నోరు తెరిచి, రెక్కలు దూరంగా పెట్టి రొప్పడం మాత్రం వేడి వల్లే. సాయంత్రం చల్లబడితే తగ్గుతుంది, ముక్కు కారదు.

మశూచి వైరస్సే అయినా ఎక్కువ కోళ్లు బతుకుతాయి. దోమలు మోస్తాయి. జుట్టు మీద, కంటి చుట్టూ బొబ్బలు లేచి నల్లటి చెక్కు కడతాయి, మూడు నాలుగు వారాల్లో రాలిపోతాయి. చెక్కును గిల్లి పీకకండి, పుండు అవుతుంది. లేత గులాబీ రంగు వచ్చేటంత పొటాషియం పర్మాంగనేటు నీళ్లతో కడిగి, వేపాకు, పసుపు నూరి రాయొచ్చు. కంట్లో పడనివ్వకండి. కన్ను మూసుకుపోయిన కోడికి మేత కనిపించదు. చాలావరకు చచ్చేది బొబ్బ వల్ల కాదు, ఆకలి వల్ల. చేత్తో నీళ్లు, నూక గంజి పట్టండి. గొంతులో పసుపు పొర కట్టినది ప్రమాదం, అది డాక్టరుకు చూపాలి.

నులిపురుగులకు ఆల్బెండజోల్ 2.5 శాతం ద్రవం కిలో బరువుకు 0.4 మిల్లీలీటర్లు, బద్దె పురుగులున్నాయంటే దానికి రెట్టింపు. సూది తీసేసిన సిరంజీతో నోట్లో మెల్లగా పోయాలి. నాలుక మొదట్లో కనిపించే రంధ్రం శ్వాసనాళానిది, అందులో పోస్తే అక్కడికక్కడే చస్తుంది. మందు వేశాక గుడ్లు ఎన్నాళ్లు తినకూడదని సీసా మీద రాసి ఉంటుందో అన్నాళ్లు తినకండి. కోడి పాలిపోతూ ఉంటే రాత్రి టార్చి పట్టుకుని గూటి పగుళ్లు చూడండి. కోళ్ల గోమార్లు పగలు పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి, పైగా ఒక జ్వరాన్ని కూడా అంటిస్తాయి. కోడికి మందు రాస్తే చాలదు. పగుళ్లు మట్టితో పూడ్చి, సున్నం కొట్టి, పాత వెదురు గంపను కాల్చేయాలి.

యాంటీబయాటిక్‌లపై ఒక మాట. కొలిస్టిన్‌ను 2019లోనే కోళ్లు సహా ఆహారానికి పెంచే జంతువులన్నిటికీ కేంద్రం నిషేధించింది. అది మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు వాడే ఆఖరి మందు. ఎవరైనా పాత నిల్వ ఇస్తే తీసుకోకండి.

ఒకేసారి చాలా కోళ్లు చచ్చి, జుట్టు నీలంగా మారి, ముఖం వాచి, కాళ్ల మీద రక్తపు మరకలు కనిపిస్తే అది కొక్కెరో, బర్డ్‌ఫ్లూనో కంటితో ఎవరూ చెప్పలేరు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ వైరస్ తేలింది, మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ ఆ వైరస్‌తో చనిపోయింది. అందుకే ఇలాంటి సమయంలో చచ్చిన కోడిని కోయకండి, ఇంట్లో చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వకండి, మిగిలినవాటిని సంతకు తోలకండి. చవకగా అమ్మేసిన జబ్బు కోడే పక్క మండలానికి తెగులును మోసుకెళ్తుంది. పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా పశువైద్యశాలకు చెప్పండి. ఎన్ని కోళ్లు, ఎప్పటి నుంచి, ఏ టీకా ఎప్పుడు వేశారు అన్నది చెప్పగలిగితే వాళ్ల పని సగం తేలికవుతుంది. వాళ్లు నమూనా అడిగితే, అప్పుడే చచ్చిన కోడిని చేతికి కవరు తొడుక్కుని రెండు పాలిథీన్ సంచుల్లో కట్టి, ఐసులో ఉంచండి. గడ్డకట్టించకండి, గడ్డకడితే లోపలి భాగాలు పాడై చూడడానికి పనికిరావు. చచ్చిన మిగతా కోళ్లను మూడడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చాలి, కుక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప.

తెగులు పోయాక ఖాళీ గూట్లోకి వెంటనే కొత్త పిల్లలను తేవద్దు. పాత పొట్టు, ఈకలు, గుడ్ల గంప అన్నీ కాల్చేసి, గోడలకు సున్నం కొట్టి, కనీసం నెల రోజులు ఎండకు వదిలేయండి. కొత్త కోళ్లు సంత నుంచి వస్తే మూడు వారాలు వేరే చోట, వేరే గిన్నెలతో ఉంచి, ముందు మీ పాత కోళ్లకు, తర్వాత వాటికి మేత వేయండి. ఆ మూడు వారాల్లో తుమ్ము, పారుడు లేకపోతే వాటికి పురుగుల మందు తాగించి, వారం ఆగి, టీకా వేయించి, మరో రెండు వారాలకు మందలో కలపండి.