బొబ్బట్లు చేసేలోపు: పసిబిడ్డ పడక గురించి కొన్ని మాటలు

అందరికీ నమస్కారమండీ. ఇది గర్భిణీలకి పెట్టిన మీటింగే కానీ నేను ఎక్కువ మాట్లాడేది ముందు వరసలో కూర్చున్న అమ్మమ్మలతో, నాయనమ్మలతో. ఎందుకంటే నర్సుగా నేనెంత చెప్పినా ఇంటికెళ్ళాక మీ మాటే నెగ్గుద్ది, పుట్టింటికొచ్చిన బాలింత మీరు ఎలా పడుకోబెట్టమంటే అలానే పడుకోబెడతది.

ఏడాది నిండేదాకా, పగలైనా రాత్రైనా, బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టండి. పక్కకి తిప్పి కూడా వద్దు, అలా పడుకున్న పిల్ల ఇట్టే బోర్లా దొర్లిపోద్ది. వెల్లకిలా అనేది మనకేం కొత్త కాదు. బోర్లా పడుకోబెట్టమని డాక్టర్లే చెప్పి దెబ్బతిన్నది ఇంగ్లాండ్, అమెరికా వాళ్ళు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు నిద్రలోనే పోతుంటే లెక్కలు తీసి చూసి, 1991లో ఇంగ్లాండ్‌లో, 1994లో అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టండని పెద్ద ప్రచారం చేశారు, కొన్నేళ్ళకే ఆ చావులు దాదాపు సగానికి తగ్గాయి. కొత్త మందేం రాలేదండీ, పడుకోబెట్టే తీరు మారిందంతే.

"పాలు కక్కితే గొంతుకి అడ్డం పడవా?" అంటారు. భయం న్యాయమే. కానీ వెల్లకిలా ఉన్నప్పుడు గాలి గొట్టం పైన ఉంటది, పాలు దిగే గొట్టం దాని కింద ఉంటది, కక్కిన పాలు పైకెక్కితేగానీ గాలి గొట్టంలోకి పోవు. బోర్లా పడుకోబెడితే ఇది తలకిందులవుద్ది.

ఇక ఆవాల దిండు. తల గుండ్రంగా రావాలని మనందరి ఇళ్ళలో ఉండేదే, మా అమ్మ కూడా కుట్టింది. తీసెయ్యండి. మొదటి ఏడాది ఏ దిండూ వద్దు, మెత్తటి రగ్గు వద్దు, బొమ్మలు వద్దు. మరి తల చప్పిడి అయితే? బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చుని, రోజుకి రెండు మూడు సార్లు కాసేపు బోర్లా వెయ్యండి, మెడ కూడా గట్టిపడుద్ది. రాత్రి తల ఒకరోజు అటు, ఒకరోజు ఇటు పెట్టండి.

పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. చెయ్యి పెట్టి నొక్కి తీస్తే గుంట మిగలకూడదు. చీర ఉయ్యాల్లో నడుం వంగి గడ్డం గుండెకి ఆనుకుంటది, గాలి ఆడదు. అందుకే ఒళ్ళో జోకొట్టి నిద్రపుచ్చి పక్క మీద వెయ్యండి, రాత్రంతా ఉయ్యాల్లో వదలొద్దు.

తల్లి పక్కలోనే కదా అంటారు. ఒకే గదిలో, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, కనీసం ఆర్నెల్లు ఉండాలి, కానీ బిడ్డ పక్క వేరు. పాలిస్తూ కునుకు పట్టడం ఎవరికైనా జరుగుద్ది, మెలకువ రాగానే బిడ్డని తన పక్క మీదికి మార్చండి. సోఫాలో, పడక కుర్చీలో మాత్రం నిద్ర ముంచుకొస్తుంటే బిడ్డనెత్తుకుని కూర్చోవద్దు, అది అన్నిటికన్నా ప్రమాదం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లయినా, ఇంట్లో సిగరెట్టు తాగేవాళ్ళున్నా, తండ్రి మందు కొట్టొచ్చినా, ఒకే మంచం అనే మాటే వద్దు.

బోర్లా పడితే బొబ్బట్లు చేస్తాం కదా, ఆ రోజుకి ముందే ఒక పని ఉంది. బిడ్డ దొర్లటానికి ప్రయత్నిస్తుందనగానే గుడ్డలో చుట్టి పడుకోబెట్టడం ఆపెయ్యాలి, చేతులు కట్టేసినట్టుంటే బోర్లా పడ్డ పిల్ల తిరిగి లేవలేదు. అటూ ఇటూ తనంతట తనే దొర్లగలిగాక, వెల్లకిలా పడుకోబెట్టి వదిలెయ్యండి, నిద్రలో తిరిగితే పర్లేదు, రాత్రంతా కాపలా కూర్చోనక్కర్లేదు.

మే నెలలో కూడా టోపీ, స్వెట్టరూ, రెండు దుప్పట్లూ చూస్తుంటాను. చేతులు చల్లగా ఉన్నాయని కప్పేస్తారు, చేతులు అంతే ఉంటాయండీ, మెడ వెనకా గుండె మీదా తాకి చూడండి, చెమట పట్టిందంటే ఎక్కువైనట్టే. మెళ్ళో దిష్టి తాడు కూడా నిద్రప్పుడు తీసెయ్యండి, చుట్టుకుంటది.

ఆ వెనకాల మామ్మగారు ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉన్నారు. సాంబ్రాణి పొగ గురించే అయ్యుంటది. అడగండి మామ్మగారూ.