నీళ్ల సీసా మూత తియ్యని కండక్టరమ్మ

నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను.

మా పిన్ని చాలా ఏళ్లు బస్సు కండక్టరుగా పనిచేసింది. వేసవి సెలవుల్లో ఆమె డ్యూటీ బస్సెక్కి కళ్యాణదుర్గం వైపు పల్లెలకు వెళ్లేదాన్ని. మే నెలలో కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. పిన్ని ఉదయం ఒక లీటరు సీసా నిండా నీళ్లు నింపి డ్రైవరు సీటు వెనక కొక్కేనికి తగిలించేది. సాయంత్రం డిపోలో దిగేటప్పుడు చూస్తే సీసా నిండుగానే ఉండేది. ఎందుకు తాగలేదని అడిగితే, "తాగితే ఎక్కడికి వెళ్లాలి పాపా?" అనేది.

బస్సు చివరగా ఆగే ఊళ్లో ఒక వేపచెట్టు, ఒక టీ కొట్టు, ఒక మొండిగోడ ఉండేవి. డ్రైవరు గోడ చాటుకు వెళ్లి వచ్చేవాడు. పిన్ని బస్సులోనే కూర్చుని చిల్లర లెక్కపెట్టుకునేది. కొన్నేళ్లకు మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు మొదలయ్యాయి. ఒకటి తగ్గితే మరొకటి వచ్చేది.

ఆమెకు కార్మిక సంఘం లేదా అంటే ఉంది. ఏటా చందా కట్టేది, డిపో గేటు దగ్గర సంఘం పెట్టే గేటు మీటింగుకు వెళ్లి వెనక నిలబడేది. నాయకులు మంచివాళ్లే. డీఏ బకాయిల గురించి, పాతబడ్డ బస్సుల గురించి, అన్యాయపు సస్పెన్షన్ల గురించి గట్టిగా మాట్లాడేవాళ్లు. కానీ ఆ డిమాండ్ల పత్రంలో బాత్‌రూమ్ మాట ఒక్కసారి కూడా రాలేదు. పత్రం రాసిన వాళ్లలో ఎవరికీ ఆ అవసరం తెలియదు మరి. తెలిసిన ఆడవాళ్లు ఆ బల్ల దగ్గర లేరు.

ఒక ఏడాది పిన్ని, ఇంకో నలుగురు కండక్టర్లు కలిసి ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసి గేటు మీటింగులో ఇచ్చారు. డిపో విశ్రాంతి గదికి గొళ్ళెం కావాలి, బల్బు కావాలి, చివరి ఊళ్లో బాత్‌రూమ్ కావాలి. మైకు ముందు ఆ మాట చదవడానికి ఆమెకు గొంతు పెగల్లేదట. వెనక నుంచి ఎవరో నవ్వారట కూడా. కానీ సంఘం కార్యదర్శి ఆ కాగితాన్ని చించెయ్యలేదు, జాబితాలో చేర్చాడు. గొళ్ళెం, బల్బు నెల తిరక్కుండా వచ్చాయి. చివరి ఊళ్లో ఆయనే సర్పంచితో మాట్లాడి బడి బాత్‌రూమ్ తాళంచెవి టీ కొట్టులో పెట్టించాడు. ఆ తాళంచెవిని ఒక కట్టెపుల్లకు కట్టి గల్లాపెట్టె పక్కన వేలాడదీసేవాళ్లు. ఆ కట్టెపుల్ల నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది. సంఘం అంటే ఏమిటో నాకు మొదట అర్థమైంది దాన్ని చూసే.

ఇది మన జిల్లా ఒక్కదాని కథ కాదు. 1896లో లండన్‌లో పుట్టిన అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య, రవాణా కార్మికుల పారిశుద్ధ్య సౌకర్యాల కోసం ప్రత్యేకంగా ఒక హక్కుల పత్రమే తెచ్చింది. 2019 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పని ప్రదేశాల్లో హింస, వేధింపులకు వ్యతిరేకంగా 190వ ఒప్పందాన్ని ఆమోదించింది. దానికోసం ప్రపంచమంతటా కార్మిక సంఘాల్లోని మహిళలు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. అందులోని 3వ అధికరణం చదివినప్పుడు నాకు పిన్నే గుర్తొచ్చింది. కార్మికురాలు అన్నం తినే చోటు, విశ్రాంతి తీసుకునే చోటు, బట్టలు మార్చుకునే చోటు, మరుగుదొడ్డి, ఇంటికీ పనికీ మధ్య దారి కూడా ఆ రక్షణ పరిధిలోకే వస్తాయని రాశారు. మన దేశం ఇంకా ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించలేదు. మన సంఘాలు ఢిల్లీని అడగవలసిన వాటిలో ఇది ముందు ఉండాలని నేను కోరుకుంటున్నాను.

అయితే చేతిలో ఉన్న చట్టాన్ని కూడా మనం సరిగా వాడుకోవడం లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా మన ఆడవాళ్లు ఉచితంగా ప్రయాణిస్తున్నారు. కూలికి వెళ్లే అమ్మకు, కాలేజీకి వెళ్లే పిల్లకు అది పెద్ద ఊరట. ఆ కిక్కిరిసిన బస్సులోనే మహిళా కండక్టరు సందు చేసుకుంటూ వెళ్లి ఒక్కొక్కరికీ సున్నా టికెట్టు కొట్టాలి. అటువంటప్పుడు ఎవడో ఒకడు కావాలని మీద పడితే? తాగి వచ్చినవాడు బూతులు తిడితే? ప్రయాణికుడి మీద ఫిర్యాదు ఎవరికి చేస్తామని చాలామంది ఊరుకుంటారు.

ఊరుకోనక్కర్లేదు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఉద్యోగం కోసం వెళ్లే ప్రతి చోటూ పని ప్రదేశమే. పనిలో భాగంగా ఎదురయ్యే బయటి వ్యక్తుల నుంచి కూడా రక్షణ కల్పించడం యాజమాన్యం బాధ్యత అని 19వ సెక్షన్ చెబుతోంది. ఆమె పోలీసు కేసు పెట్టాలనుకుంటే సాయం చెయ్యాలి. ఇలాంటి ఫిర్యాదులు విచారించడానికి సంస్థలోనే ఉండే అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇవ్వడానికి 3 నెలల గడువు ఉంటుంది. ఇక్కడ సంఘం చెయ్యగలిగింది చాలా ఉంది. ఆమె పక్కన కూర్చుని ఫిర్యాదు రాయించడం, విచారణకు తోడు వెళ్లడం, ఫిర్యాదు చేసినందుకు దూరపు డిపోకు బదిలీ కాకుండా చూడడం.

రాత్రి డ్యూటీల సంగతి మాత్రం అంత తేలిక కాదు. 2019 అక్టోబర్ 5న మొదలై 50 రోజులకు పైగా సాగిన తెలంగాణ ఆర్టీసీ సమ్మెలో మహిళా కండక్టర్లు ముందు వరుసలో నిలబడ్డారు. సమ్మె ముగిశాక, మహిళలకు రాత్రి 8 తర్వాత డ్యూటీ ఉండదని అక్కడి ముఖ్యమంత్రి ప్రకటించారు. చాలామందికి అది మేలే. కానీ మనసులో ఒక భయం ఉంది. రాత్రి పనికి ఆడవాళ్లు వద్దనే మాట రేపు డ్రైవరు ఉద్యోగానికి ఆడవాళ్లు వద్దనే దాకా వెళ్లకూడదు. రాత్రి బస్సు నిలిచే చోట విశ్రాంతి గది ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. ఆ గదికి గొళ్ళెం ఉండి, డ్యూటీ దిగాక ఇల్లు చేరే ఏర్పాటు ఉంటే, ఏ వేళ పనిచెయ్యాలో ఆమే నిర్ణయించుకుంటుంది.

ఆడవాళ్లు తామే ముందుకొచ్చి అడిగి సాధించుకోవడం కొత్తేమీ కాదు. 1918 ఆగస్టులో లండన్ బస్సుల్లో, ట్రాముల్లో పనిచేసే ఆడవాళ్లు సమ్మెకు దిగారు. మగవాళ్లకు ఇచ్చిన 5 షిల్లింగుల యుద్ధ బోనస్ తమకు ఇవ్వలేదని వాళ్ల కోపం. ఎవరూ పిలుపు ఇచ్చేదాకా ఆగలేదు. సమ్మె ఇతర ఊళ్లకూ పాకింది, బోనస్ వచ్చింది.

మార్చి 8న శాలువా కప్పి పంపేస్తే సరిపోదు. డ్యూటీ చార్టు మీద చర్చ జరిగే గదిలో కండక్టరమ్మకు కుర్చీ వెయ్యాలి. కాంట్రాక్టరు కింద రాత్రిపూట బస్సులు ఊడ్చి కడిగే ఆడవాళ్లకు కూడా సంఘంలో చోటు ఇవ్వాలి. 2013 చట్టం వాళ్లకూ వర్తిస్తుంది.

ఈ వీడియో చూస్తున్న కండక్టరమ్మలు రేపు డ్యూటీ ఎక్కే ముందు డిపో గోడ ఒకసారి చూడండి. అంతర్గత కమిటీ ఏర్పాటు చేసిన ఉత్తర్వు అందరికీ కనిపించేలా అక్కడ అంటించాలి. ఉంటే ఫోనులో ఫోటో తీసుకుని, బస్సులు కడిగే అమ్మలకు కూడా చదివి వినిపించండి. లేకపోతే ఈసారి గేటు మీటింగులో మొదటి ప్రశ్నగా అదే అడగండి.